పీఎంబీయా, సీఆర్‌ఎంబీయా, మామూలు వీజీ-30 సరిపోతుందా? బీటీ రోడ్డుకి బైండర్ ఎంచుకునే ముందు

తారు రోడ్డు ఎస్టిమేట్‌లో ‘మోడిఫైడ్ బిటుమెన్’, అంటే వేరే పదార్థం కలిపిన తారు, అని కనపడగానే రెండు వైపుల నుంచి రెండు మాటలు వినిపిస్తాయి. "ఎంత ఖరీదైన తారు వేసినా రెండు వానలకి లేచిపోయేదే కదా సార్" అంటాడు కాంట్రాక్టర్. "మా కెమికల్ కాస్త కలపండి, పదేళ్లు ఆ రోడ్డు వైపు చూడనక్కర్లేదు" అంటాడు అమ్మేవాడు. కాంట్రాక్టర్ చూసిన రోడ్లు నిజంగానే అలా పోయి ఉంటాయి. అమ్మేవాడు చూపించే ల్యాబ్ రిపోర్టు కూడా అబద్ధం కాకపోవచ్చు. ఆ రోడ్డు దేనివల్ల పోయింది, ఈ కెమికల్ దేనికి పనికొస్తుంది అన్న రెండు ప్రశ్నల్నీ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లే తక్కువ.

కంకరని అతికి ఉంచే తారునే బైండర్ అంటారు. పాలిమర్ (రబ్బరు, ప్లాస్టిక్ లాంటి పదార్థం) కలిపితే పీఎంబీ, పాత టైర్ల రబ్బరు పొడి కలిపితే సీఆర్‌ఎంబీ, ఏదీ కలపని మామూలు తారులో ఒక రకం వీజీ-30. ఈ బైండర్ చెయ్యగలిగింది ఎంతో ముందే లెక్క వేసుకోవాలి. టన్ను బీసీ (బిటుమినస్ కాంక్రీట్, రోడ్డు పై పొర) మిక్స్‌లో తారు సుమారు 52 నుంచి 55 కేజీలు. మిగిలిందంతా కంకర, డస్టు, ఫిల్లర్ (సందులు నింపే మెత్తటి పొడి). ఆ 55 కేజీల్లో కలిపే పాలిమర్ రెండు కేజీల చుట్టుపక్కల ఉంటుంది. పై పొర ఎండకి, బరువుకి ఎలా తట్టుకుంటుందో ఈ రెండు కేజీలు మార్చగలవు, అందులో సందేహం లేదు. కింద మట్టి మెత్తబడినా, సైడ్ డ్రెయిన్ లేక నీళ్లు బేస్‌లోకి (తారు పొర కింది కంకర పొరలోకి) దిగినా, మిక్స్ చల్లారాక రోలర్ తిప్పినా అవి కాపాడలేవు.

ముందు రోడ్డు చూడండి, తర్వాత క్యాటలాగ్

పాత రోడ్డు మీద కొత్త పొర వేసే పనైతే జవాబు చాలావరకు ఆ పాత రోడ్డు మీదే ఉంటుంది. చక్రాలు నడిచే దారిలో చాళ్లు పడ్డాయా చూడండి. ఆ చాళ్లు ఇరుకుగా ఉండి, వాటి పక్కన తారు ఉబ్బి గట్టులా లేచి ఉంటే తప్పు పై పొరలో ఉంది. తారు మెత్తదైనా అయ్యుండాలి, మోతాదు ఎక్కువైనా అయ్యుండాలి, లేదా కంకర గ్రేడింగ్ (ఏ సైజు రాయి ఎంత అన్న పాళ్లు) తప్పి ఉండాలి. ఉబ్బు లేకుండా వెడల్పుగా కుంగి ఉంటే తప్పు కింది పొరల్లో ఉంది. అనుమానం ఉంటే ఒకచోట రోడ్డుకి అడ్డంగా కోయించి చూడండి, ఏ పొర కుంగిందో కంటికే కనిపిస్తుంది. ఆ కోతకి అయ్యే ఖర్చు టన్ను తారు ఖరీదులో చిన్న భాగం. అయినా మన దగ్గర ఆ పని చేసేవాళ్లు అరుదు.

చక్రాల దారిలో చిన్న చిన్న గళ్లుగా పగుళ్లు అల్లుకుని ఉంటే అది బరువుకి అలిసిపోయిన రోడ్డు. సైట్‌లో దీన్ని ఎలిగేటర్ క్రాకింగ్ అంటారు. మొత్తం క్రస్ట్ (మట్టి మీద ఉన్న పొరలన్నీ కలిపి) మందం చాలలేదనో, బేస్ తడిసి మెత్తబడిందనో దానర్థం. అలా కాకుండా ట్రాఫిక్ అంతగా లేని అంచుల్లో కూడా తారు నల్లదనం పోయి, బూడిద రంగుకి తిరిగి, చిప్స్ ఒక్కొక్కటిగా లేచిపోతుంటే అది ఎండకి, గాలికి తారు ముదిరిపోవడం. వానాకాలం తర్వాత గుంతలు పడితే ఆ గుంతలోంచి ఒక రాయి తీసి చూడండి. దాని మీద తారు జాడ లేకుండా కడిగినట్టు శుభ్రంగా ఉంటే నీళ్లు తారుని రాయి నుంచి విడగొట్టేశాయన్నమాట. స్ట్రిప్పింగ్ అంటే ఇదే.

నల్లరేగడి నేలల్లో కనపడేది ఇంకొకటి ఉంది. ఆదిలాబాద్, కర్నూలు, గుంటూరు వైపు ఎండాకాలంలో రోడ్డు అంచు వెంబడే పొడవుగా పగుళ్లు వస్తాయి. నేల ఎండి కుంచించుకుని రోడ్డుని పక్కకి లాగేస్తుంది. దీనికి ఏ బైండర్ దగ్గరా మందు లేదు. సబ్‌గ్రేడ్‌ని (రోడ్డు కింది మట్టిని) సున్నంతో స్టెబిలైజ్ చెయ్యాలి, అంచుల నుంచి తేమ రాకపోకల్ని ఆపాలి. ఇలాంటి చోట పీఎంబీకి డబ్బు పెట్టమని సలహా ఇచ్చేవాళ్ల మాట వినకండి.

నా అంచనాలో, భారీ లారీలు నడిచే కారిడార్లని పక్కన పెడితే తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువ రోడ్లని ముందు చంపేది నీళ్లే. ఎండ ఆ తర్వాత. అందుకే ఈ రాతలో నీళ్ల గురించిన భాగం కాస్త పొడవుగా ఉంటుంది.

ఏదీ కలపని తారు

మన దగ్గర తారు ఇప్పుడు వీజీ-10, 20, 30, 40 గ్రేడ్లలో వస్తుంది. పాత 80/100, 60/70 పెనెట్రేషన్ (తారులోకి సూది ఎంత దిగుతుందో చూసే) లెక్క 2006 తర్వాత పోయింది. 60 డిగ్రీల దగ్గర తారు ఎంత చిక్కగా ఉందన్నదాని మీద ఈ గ్రేడ్లు ఆధారపడతాయి. వీజీ-30కి 2400 నుంచి 3600 పాయిజ్ (చిక్కదనం కొలమానం), వీజీ-40కి 3200 నుంచి 4800 పాయిజ్. వరసగా ఏడు రోజుల గరిష్ఠ ఉష్ణోగ్రత సగటు 38 నుంచి 45 డిగ్రీల మధ్య ఉండే చోట వీజీ-30, 45 దాటితే వీజీ-40 అని తారుకి భారత ప్రమాణమైన ఐఎస్ 73 చెబుతుంది. గాలి 43 డిగ్రీలుంటే నల్లటి రోడ్డు ఉపరితలం 60 దాటుతుందని గుర్తు పెట్టుకోండి. 60 దగ్గరే ఎందుకు కొలుస్తారో దీన్నిబట్టి తెలుస్తుంది.

రెండు అంకెల పరిధుల్నీ ఇంకోసారి చూడండి. 3200 నుంచి 3600 వరకు రెండు గ్రేడ్లూ ఒకదాని మీద ఒకటి పడతాయి. అంటే గట్టివైపు ఉన్న వీజీ-30కి, మెత్తవైపు ఉన్న వీజీ-40కి అసలు తేడానే లేకపోవచ్చు. గ్రేడ్ పేరు చూసి ఊరుకోకుండా టెస్ట్ సర్టిఫికెట్‌లో అసలు విస్కాసిటీ (చిక్కదనం) ఎంతో చూడమనేది ఇందుకే.

వీజీ-40 గట్టిది, అంతవరకే. ఎండలో తక్కువ మెత్తబడుతుంది కాబట్టి చాళ్లు తగ్గుతాయి. కానీ దానికి సాగి మళ్లీ వెనక్కి వచ్చే గుణం లేదు. బలమైన బేస్ మీద, మందమైన డీబీఎం (డెన్స్ బిటుమినస్ మెకాడమ్, పై పొర కింద వేసే తారు మిక్స్) పొరలో అది చాలా మంచి ఎంపిక. రోడ్డు మందం డిజైన్‌కి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన ఐఆర్‌సీ 37-2018 కూడా భారీ ట్రాఫిక్‌కి కింది బిటుమినస్ పొరల్లో దానివైపే చూపిస్తుంది. అదే వీజీ-40ని బలహీనమైన బేస్ మీద పల్చటి పొరగా వేస్తే రోడ్డు కింద వంగుతుంటే పైన పొర వంగలేక పగిలిపోతుంది. గట్టిదైతే మంచిదేగా అనుకుని గ్రామీణ రోడ్డుకి వీజీ-40 రాసిన ఎస్టిమేట్లు ఈ విషయం మర్చిపోతాయి.

పీఎంబీ: డబ్బు ఎక్కడ తిరిగి వస్తుంది

పాలిమర్ మోడిఫైడ్ బిటుమెన్‌లో ఎక్కువగా వాడేది ఎస్‌బీఎస్ అనే రబ్బరులాంటి పాలిమర్. తారు బరువులో 3 నుంచి 5 శాతం దాకా వేసి, 170–180 డిగ్రీల దగ్గర హై షియర్ మిల్లులో నలగ్గొట్టి కలుపుతారు. పాలిమర్ తారులోని నూనెల్ని పీల్చుకుని ఉబ్బి, తారు అంతటా వలలా అల్లుకుంటుంది. ఎండలో తారు మెత్తబడినా ఆ అల్లిక దాన్ని పట్టి ఉంచుతుంది. చక్రం దాటిపోయాక లోపలికి నొక్కుకున్న మిక్స్‌ని కొంతవరకు వెనక్కి లాగుతుంది. వీజీ-40లో లేనిదీ, పీఎంబీకి అదనపు డబ్బు పెట్టడానికి కారణమూ ఈ వెనక్కి లాగే గుణమే.

ఈవీఏ లాంటి ప్లాస్టోమర్లు (ప్లాస్టిక్ రకం పాలిమర్లు) కూడా పీఎంబీ పేరుతోనే వస్తాయి. అవి తారుని గట్టిపరుస్తాయి గానీ రబ్బరులా వెనక్కి లాగవు. పగుళ్ల బెడద కూడా ఉన్న రోడ్డుకి ఎలాస్టోమర్ (ఎస్‌బీఎస్ లాంటి రబ్బరు రకం) పీఎంబీయే అడగండి, సర్టిఫికెట్‌లో ఎలాస్టిక్ రికవరీ (లాగి వదిలితే ఎంత వెనక్కి వస్తుందో) అంకె చూడండి.

పాత ఎస్టిమేట్లలోంచి కాపీ చేసిన వాటిలో ఇప్పటికీ పీఎంబీ-40, పీఎంబీ-70 అనే పేర్లు కనిపిస్తుంటాయి. 2019లో పీఎంబీ ప్రమాణం ఐఎస్ 15462ని మార్చాక గ్రేడ్లు పీఎంబీ 64-10, 70-10, 76-10, 82-10, 76-22 అయ్యాయి. మొదటి అంకె పై ఉష్ణోగ్రత, రెండోది సున్నాకి కింద ఉష్ణోగ్రత. లంబసింగిలో చలికాలం సున్నా దగ్గరికి వెళ్లినా మన రెండు రాష్ట్రాల్లో ఎక్కడా మైనస్ 22 అవసరం రాదు. ఆ 76-22 హిమాలయాల వైపు పనికొచ్చే గ్రేడు, దానికి ఇక్కడ అదనంగా కట్టడం వృథా.

మరి 60–65 డిగ్రీలు వేడెక్కే రోడ్డుకి 76 ఎందుకు? బండి ఎంత మెల్లగా వెళితే తారు మీద బరువు అంత ఎక్కువసేపు నిలుస్తుంది, తారు అంత మెత్తగా ప్రవర్తిస్తుంది. మామూలుగా సాగే ట్రాఫిక్‌కి సరిపోయే గ్రేడు కంటే మెల్లగా కదిలే చోట ఒక మెట్టు, ఆగి ఉండే చోట రెండు మెట్లు పైకి వెళ్లాలన్నది అమెరికాలో సూపర్‌పేవ్ పద్ధతి తెచ్చిన లెక్క. ఆ తర్వాత వచ్చిన ఎంఎస్‌సీఆర్ పరీక్ష దీన్నే నేరుగా కొలుస్తుంది. రోడ్డు ఉష్ణోగ్రత దగ్గరే తారుని నొక్కి వదిలి, ఎంత కోలుకుంది, ఎంత శాశ్వతంగా జారిపోయింది అని చూస్తారు. ఆ జారుడు అంకెకి జేఎన్ఆర్ అని పేరు. అమెరికా హైవే అధికారుల సంఘం ఆష్టో లెక్కలో మామూలు ట్రాఫిక్‌కి అది 4.5 లోపు, భారీకి 2, మరీ భారీకి 1, అత్యంత భారీకి 0.5 లోపు ఉండాలి. సాఫ్టెనింగ్ పాయింట్ (తారు మెత్తబడే ఉష్ణోగ్రత) కంటే ఈ ఒక్క అంకె చాళ్ల గురించి ఎక్కువ చెబుతుంది. సరఫరాదారు జేఎన్ఆర్ ఇవ్వనంటే మరొకరిని చూసుకోండి.

అందుకే పీఎంబీ నిజంగా డబ్బు తిరిగి ఇచ్చేది మెల్లటి బరువుల దగ్గర. చీమకుర్తి నుంచి గ్రానైట్ దిమ్మెలతో వచ్చే ట్రెయిలర్లు, మణుగూరు, రామగుండం వైపు బొగ్గు లారీలు, ఓడరేవులకి వెళ్లే దారులు, ఘాట్ రోడ్ల ఎక్కుడు వైపు, పెద్ద సిగ్నళ్ల ముందు వంద మీటర్లు. హైవే మీద 80 స్పీడులో వెళ్లే అదే లారీ కంటే సిగ్నల్ దగ్గర నిలబడ్డ లారీ రోడ్డుకి ఎక్కువ చేటు చేస్తుంది.

పీఎంబీకి పథ్యం కూడా ఉంది. బైండర్‌ని 165 నుంచి 185 డిగ్రీల మధ్య ఉంచాలి. 190 దాటించి గంటలకొద్దీ ట్యాంక్‌లో కాస్తే ఎస్‌బీఎస్ తెగిపోతుంది, ఖరీదైన తారు కాస్తా మామూలు తారు అవుతుంది. వీజీ-30 కంటే మిక్స్ త్వరగా బిగుస్తుంది కాబట్టి రోలర్ పేవర్ (మిక్స్ పరిచే యంత్రం) వెనకాలే ఉండాలి. చేత్తో రేకింగ్ చేసే చిన్న సందుల్లో, మ్యాన్‌హోళ్ల చుట్టూ ఇది చాలా ఇబ్బంది పెడుతుంది.

సీఆర్‌ఎంబీ: పాత టైర్ల పని

పాత టైర్ల పొడిని తారులో ఉడికించే ఆలోచన 1960ల్లో అరిజోనాలోని ఫీనిక్స్ నగరంలో ఛార్లెస్ మెక్‌డొనాల్డ్ దగ్గర మొదలైంది. ఆయన వెతికింది పగుళ్లకి మందు. ఈ విషయం తెలిస్తే సీఆర్‌ఎంబీని ఎక్కడ వాడాలో సగం తేలిపోతుంది. పాత పగుళ్ల రోడ్డు మీదో, సిమెంటు రోడ్డు మీదో కొత్త పొర వేస్తే కింది పగులు కొన్నాళ్లకి పైకి పాకుతుంది. అక్కడ రబ్బరు తారు బాగా పని చేస్తుంది. చిక్కదనం వల్ల రాయి చుట్టూ మందమైన పూత నిలుస్తుంది, మందమైన పూత నిదానంగా ముదురుతుంది. టైర్లలో ఉండే కార్బన్ బ్లాక్, యాంటీ ఆక్సిడెంట్లు కూడా ఇందుకు కొంత సాయం చేస్తాయి.

పీఎంబీతో పోలిస్తే దీని బలహీనత నిలకడ. రబ్బరు తారులో పూర్తిగా కరగదు, ఉబ్బిన రేణువులుగానే ఉంటుంది. కదపకుండా వదిలేస్తే అడుక్కి దిగుతుంది. అప్పుడు ట్యాంక్ పైనుంచి తీసిన శాంపిల్ ఒకటి చెబుతుంది, కిందనుంచి వచ్చే తారు ఇంకొకటి. ప్లాంట్‌లోని ట్యాంక్‌కి తిరిగే అజిటేటర్ లేకపోతే సీఆర్‌ఎంబీ ఎంచుకోకండి. ఇది రాజీ పడకూడని షరతు. లారీ టైర్ల పొడిలో సహజ రబ్బరు పాలు ఎక్కువ, కారు టైర్ల పొడి కంటే అది మెరుగు. కానీ ఏ టైర్ల పొడి వచ్చిందో సైట్‌లో కనిపెట్టడం కష్టం, అందుకే రిఫైనరీలోనో పెద్ద ప్లాంట్‌లోనో బ్లెండ్ చేసి వచ్చినదే నమ్మదగ్గది. ఊరి బయట డ్రమ్ముల్లో పొడి కలిపి ఇచ్చేవాళ్లకి దూరంగా ఉండండి.

సీఆర్‌ఎంబీకి ఇప్పుడు ఐఎస్ 17079 అని విడిగా ప్రమాణం ఉంది. రబ్బరు తారుతో గ్యాప్ గ్రేడెడ్ (మధ్య సైజు కంకర తగ్గించిన) పొర వెయ్యడానికి ఐఆర్‌సీ ఎస్‌పీ 107 ఉంది. భారీ ట్రాఫిక్ ఉన్న పాత రోడ్డు మీద ఓవర్‌లే (కొత్త పొర) వేస్తుంటే మామూలు బీసీలో సీఆర్‌ఎంబీ పోయడం కంటే ఈ గ్యాప్ గ్రేడెడ్ మిక్సే మేలని నా అభిప్రాయం. రబ్బరు రేణువులకి, ఎక్కువ తారుకి కంకర మధ్య చోటు దొరకాలి కదా. మామూలు బీసీ గ్రేడింగ్‌లో ఆ చోటు ఉండదు.

సహజ రబ్బరు లేటెక్స్ కలిపిన తారు కేరళలో ఎక్కువగా వాడుకలో ఉంది. ఇక్కడికి తెప్పించుకోవాల్సినంత అదనపు లాభం అందులో నాకు కనపడదు.

ప్లాస్టిక్ రోడ్ల సంగతి

మదురైలోని త్యాగరాజర్ ఇంజినీరింగ్ కాలేజీ ప్రొఫెసర్ ఆర్. వాసుదేవన్ దీన్ని ముందుకి తెచ్చారు, ఆయనకి 2018లో పద్మశ్రీ వచ్చింది. తారులో ప్లాస్టిక్ కలపడం చాలామంది ప్రయత్నించారు, అది విడిపోతుంది. వాసుదేవన్ పద్ధతిలో ముందు వేడి కంకర మీద ప్లాస్టిక్ ముక్కలు వేస్తారు, కరిగి రాయికి పూతలా పడుతుంది, ఆ పైన తారు పోస్తారు. ఐఆర్‌సీ ఎస్‌పీ 98 ఈ పొడి పద్ధతికే మార్గదర్శకాలు ఇచ్చింది. తారు బరువులో 6 నుంచి 8 శాతం ప్లాస్టిక్, దాదాపు ఆ మేరకు తారు తగ్గుతుంది.

దీని మీద ఉన్న ఉత్సాహం, దీన్ని తిట్టిపోసే ధోరణి రెండూ అతిగానే అనిపిస్తాయి. రాయికి ప్లాస్టిక్ పూత ఉంటే నీళ్లకి తట్టుకోవడం మెరుగవుతుంది, మార్షల్ స్టెబిలిటీ (ల్యాబ్‌లో నమూనా విరిగే ముందు తట్టుకునే బరువు) పెరుగుతుంది. ఇవి నిజమే. కానీ మార్షల్ స్టెబిలిటీ పెరిగితే రోడ్డు ఆయుష్షు పెరిగినట్టు కాదు, మిక్స్ గట్టిపడిందని మాత్రమే. గట్టిపడిన మిక్స్ బలహీనమైన బేస్ మీద పగుళ్లకే దారి తీస్తుంది. ఎస్‌బీఎస్ ఇచ్చే వెనక్కి లాగే గుణం పాలిథీన్ కవర్లలో లేదు. కాబట్టి పీఎంబీ అవసరమైన చోట ప్లాస్టిక్‌ని దానికి ప్రత్యామ్నాయంగా రాయకండి. తక్కువ, మధ్యస్థ ట్రాఫిక్ రోడ్లకి, దగ్గర్లో శుభ్రంగా ఏరి కత్తిరించిన ప్లాస్టిక్ దొరికే మున్సిపాలిటీలకి ఇది చక్కని ఎంపిక.

చిక్కంతా ఆ ఏరడంలోనే ఉంది. పీవీసీ ఒక్క ముక్క కూడా రాకూడదు, వేడికి అది హైడ్రోజన్ క్లోరైడ్ వదులుతుంది, ప్లాంట్ దగ్గర పని చేసేవాళ్లు దాన్ని పీలుస్తారు. వాటర్ బాటిళ్ల పెట్ ప్లాస్టిక్ కరగాలంటే 250 డిగ్రీలు కావాలి, 165 దగ్గర అది రాయికి పూత పట్టదు. తడి, మట్టి ఉన్న ప్లాస్టిక్ మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. పొర అరిగేకొద్దీ సన్నటి ప్లాస్టిక్ రేణువులు వాననీటిలో కలుస్తాయేమో అన్న ప్రశ్న కూడా కొట్టిపారేసేది కాదు. చెరువు కట్టల మీది రోడ్లకి నేనైతే ఇది రాయను.

నీళ్లకి మందు: సున్నం, అమైన్, సైలేన్

తారు స్వభావంలో కాస్త ఆమ్లగుణం ఉంటుంది. గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఎక్కువ కాబట్టి దానిది కూడా ఆమ్ల స్వభావమే. ఇలాంటి రాయి తారు కంటే నీళ్లనే ఎక్కువ ఇష్టపడుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల క్వారీల్లో, కోస్తాలో చాలాచోట్ల మనకి దొరికేది ఈ రకం రాయే. వికారాబాద్, ఆదిలాబాద్ వైపు బసాల్ట్, కడప, కర్నూలు వైపు సున్నపురాయి తారుని బాగా పట్టుకుంటాయి. ఒకే జిల్లాలో రెండు క్వారీల రాయి రెండు రకాలుగా ప్రవర్తించొచ్చు. కాబట్టి యాంటీ స్ట్రిప్పింగ్ మందు అవసరమా లేదా అన్నది రాయిని పరీక్షించి తేల్చుకోవాలి, ఎస్‌ఎస్‌ఆర్‌లో (ప్రభుత్వ రేట్ల పట్టికలో) ఐటమ్ ఉందా అని చూసి కాదు.

పరీక్ష పెద్ద పనేమీ కాదు. తారు పట్టించిన కంకరని పది నిమిషాలు నీళ్లలో మరిగించి, రాళ్ల మీద ఎంత తారు మిగిలిందో చూడండి. ప్లాంట్ దగ్గర గ్యాస్ స్టవ్ మీద కూడా చెయ్యొచ్చు. ఐఎస్ 6241 ప్రకారం 40 డిగ్రీల నీళ్లలో 24 గంటలు ఉంచే పరీక్షలో 95 శాతం పూత నిలవాలి. అన్నిటికంటే నమ్మదగ్గది టీఎస్ఆర్. తడిపి బాధపెట్టిన నమూనాల బలం పొడి నమూనాల బలంలో కనీసం 80 శాతం ఉండాలి.

మూడు మందుల్లో నా మొదటి ఓటు హైడ్రేటెడ్ లైమ్‌కే. కంకర బరువులో ఒకటి నుంచి రెండు శాతం, డస్టు స్థానంలో ఫిల్లర్‌గా వేస్తే చాలు. సున్నంలోని కాల్షియం తారులోని ఆమ్లాలతో కలిసి నీళ్లలో కరగని బంధం ఏర్పరుస్తుంది. అదే సున్నం తారు ముదరడాన్ని కూడా నెమ్మదింపజేస్తుంది, మిక్స్‌ని కొద్దిగా బిగిస్తుంది. ఒక్క ఖర్చుకి మూడు లాభాలు ఇచ్చేది ఈ జాబితాలో ఇదొక్కటే. ఇబ్బంది ఏంటంటే పొడిగా వేస్తే సగం డస్ట్ కలెక్టర్‌లోకి ఎగిరిపోతుంది. కొద్దిగా తడిసిన కంకర మీద వెయ్యడమో, మిక్సర్‌లో తారు పడే ముందు ఫిల్లర్ లైన్ ద్వారా పంపడమో చెయ్యాలి. ఫిల్లర్ నిల్వ చేసే సిలో లేని చిన్న ప్లాంట్‌లో ఇది సాధ్యం కాదు.

అక్కడ ద్రవ మందులు నయం. అమైన్ రకం తారు బరువులో 0.2 నుంచి 0.5 శాతం పడుతుంది, ట్యాంక్‌లో నేరుగా పోసి కలపొచ్చు. కొన్ని రకాలు వేడి తారులో రోజుల తరబడి ఉంటే శక్తి కోల్పోతాయి, ఏ రోజు మందు ఆ రోజే కలపాలి. సైలేన్ రకాలు ఇంకా తక్కువ మోతాదులో, 0.1 శాతం చుట్టుపక్కల, రాయి ఉపరితలాన్నే నీళ్లంటే పడనిదిగా మారుస్తాయి. గ్రానైట్‌తో ఇవి బాగా పని చేస్తాయి. మిక్స్‌ని కూడా కాస్త మెత్తగా, రోలర్‌కి లొంగేలా చేస్తాయి. అయితే అంత చిన్న మోతాదు నిజంగా పడిందా లేదా అన్నది కంటికి కనపడదు. సైట్‌లో మోసానికి తలుపు తెరిచి ఉండేది ఇక్కడే. మందు కలపక ముందు, కలిపాక అదే మరిగించే పరీక్ష చేయించడం ఒక్కటే దారి.

పీఎంబీ వేశాం కాబట్టి యాంటీ స్ట్రిప్పింగ్ అక్కర్లేదు అనుకోకండి. రాయి స్వభావాన్ని పాలిమర్ మార్చదు.

వామ్ మిక్స్, ఫైబర్, మిగతావి

వామ్ మిక్స్ మందులు మిక్స్‌ని సుమారు 30 డిగ్రీలు తక్కువ వేడిలో తయారు చెయ్యనిస్తాయి. డీజిల్ ఆదా, పొగ తగ్గడం గురించి కరపత్రాల్లో బాగా రాస్తారు. సైట్‌లో వాడే మనిషికి అసలు లాభం వేరు. వేడి మాత్రం తగ్గించకుండా మామూలుగానే కొట్టి ఈ మందు కలిపితే, ప్లాంట్ నుంచి సైట్‌కి దూరం ఎక్కువైనా, ట్రాఫిక్‌లో టిప్పర్ ఇరుక్కున్నా, రాత్రి పూట పల్చటి పొర వేస్తున్నా, రోలర్‌కి ఇంకాస్త టైమ్ దొరుకుతుంది. నగరాల్లో రాత్రి పనులకి ఇది పీఎంబీ కంటే ఎక్కువ ఉపయోగపడే ఖర్చు. వేడి నిజంగానే తగ్గించి కొడితే కంకర పూర్తిగా ఆరిందో లేదో చూసుకోవాలి. వానాకాలం చివర్లో తడి కంకరతో వామ్ మిక్స్ కొడితే స్ట్రిప్పింగ్‌ని చేజేతులా పిలిచినట్టే.

ఎస్‌ఎంఏలో (స్టోన్ మ్యాట్రిక్స్ అస్ఫాల్ట్, పెద్ద కంకర ఎక్కువగా ఉండే మిక్స్) వేసే సెల్యులోజ్ ఫైబర్ బలం కోసం కాదు. ఆ మిక్స్‌లో తారు ఎక్కువ, లారీలో కిందకి కారిపోకుండా పట్టి ఉంచడానికే మిక్స్ బరువులో 0.3 శాతం ఫైబర్ వేస్తారు. మామూలు బీసీలో దాన్ని వేసి లాభం లేదు. ఎస్‌ఎంఏ వేస్తే టైర్ రోలర్‌ని దూరంగా పెట్టండి, అది తారుని పైకి లాగుతుంది.

పంట వ్యర్థాల నుంచి వచ్చే లిగ్నిన్‌తో చేసిన బయో బిటుమెన్‌తో 2024 డిసెంబరులో నాగ్‌పూర్ దగ్గర 44వ జాతీయ రహదారి మీద ఒక ముక్క వేశారు. కొన్ని వానాకాలాలు గడిచాక మాట్లాడుకోవచ్చు.

డబ్బు లెక్క

ఏడు మీటర్ల వెడల్పు, ఒక కిలోమీటరు పొడవు, 40 మి.మీ. బీసీ తీసుకుందాం. మిక్స్ సుమారు 660 టన్నులు, అందులో తారు 35 టన్నులు. పీఎంబీకి, వీజీ-30కి మధ్య తేడా టన్నుకి పది వేలు అనుకుంటే కిలోమీటరుకి మూడున్నర లక్షలు ఎక్కువ. తారు రేట్లు నెలకి రెండుసార్లు, 1న, 16న మారుతుంటాయి కాబట్టి మీ రోజు తేడాతో గుణించుకోండి. అదే కిలోమీటరుకి అమైన్ 0.3 శాతం చొప్పున 105 కేజీలు, సైలేన్ 35 కేజీలు, సున్నం ఒకటిన్నర శాతం చొప్పున తొమ్మిది టన్నుల పైచిలుకు. ఈ అంకెలు పక్కపక్కన రాసుకుంటే, నీళ్లకి పోయే రోడ్డు మీద పీఎంబీ డబ్బు పెట్టి సున్నం ఖర్చు మిగుల్చుకోవడం ఎంత తలకిందులు వ్యవహారమో కనిపిస్తుంది. ఆ మూడున్నర లక్షలతో ఆ కిలోమీటరులో పూడిపోయిన సైడ్ డ్రెయిన్లు తవ్వించి బెర్మ్‌లు (రోడ్డు పక్క మట్టి అంచులు) సరిచేయించొచ్చేమో కూడా అడగండి.

ఏ రోడ్డుకి ఏది

గ్రామీణ రోడ్డు, రోజుకి కొన్ని ట్రాక్టర్లు, ఒక ఆర్టీసీ బస్సు: వీజీ-30, రాయిని బట్టి యాంటీ స్ట్రిప్పింగ్, పైన మంచి సీల్ కోట్ (నీళ్లు దిగకుండా వేసే పల్చటి పొర). దగ్గర్లో ఏరిన ప్లాస్టిక్ దొరికితే అదీ సరే. ఇక్కడ తారు పాడయ్యేది బరువుకి కాదు, ముదిరిపోయి. కాబట్టి తారు మోతాదు తగ్గించకపోవడం అన్ని అడిటివ్‌ల కంటే ముఖ్యం.

నగరంలో కాలనీ రోడ్డు: వీజీ-30, యాంటీ స్ట్రిప్పింగ్, వామ్ మిక్స్ మందు. పైప్‌లైన్ కోసం ఏడాదిలో ఎలాగూ తవ్వుతారని తెలిసిన వీధికి పీఎంబీ రాయడం చూస్తే నవ్వొస్తుంది.

నగరంలో ప్రధాన రోడ్డు, సిగ్నళ్లు: పై పొరకి పీఎంబీ 76-10, కింద డీబీఎంకి వీజీ-40, గ్రానైట్ అయితే సున్నం. బస్సులు రోజంతా ఆగే బస్‌బేలు మాత్రం వేరు. అక్కడ డీజిల్ చుక్కలు తారుని కరిగిస్తాయి, నీళ్లు నిలుస్తాయి, బరువు నిలబడి ఉంటుంది. ఏ బైండర్ వెయ్యాలా అని వెతక్కుండా సిమెంటు కాంక్రీటు వేసెయ్యండి.

ఘాట్ రోడ్డు: ఎక్కుడు వైపు పీఎంబీ, మొత్తానికి యాంటీ స్ట్రిప్పింగ్, కొండ వైపు డ్రెయిన్. బ్రేకుల వల్ల పొర ముందుకి జరిగిపోకుండా కింద ట్యాక్ కోట్ (రెండు పొరల్ని అతికించే పల్చటి తారు పూత) సరిగ్గా పడాలి.

పాత పగుళ్ల హైవే మీద ఓవర్‌లే: గ్యాప్ గ్రేడెడ్ రబ్బరు మిక్స్. అజిటేటర్ ఉన్న ప్లాంట్ లేకపోతే ఎలాస్టోమర్ పీఎంబీ.

గ్రానైట్, బొగ్గు లారీల దారి: జేఎన్ఆర్ 0.5 లోపు వచ్చే పీఎంబీ, లేదా దాంతోనే ఎస్‌ఎంఏ. ముందు క్రస్ట్ మందం ఆ బరువుకి చాలుతుందో లేదో ఐఆర్‌సీ 37 లెక్కతో చూసుకున్నాకే.

ట్యాంకర్ వచ్చినప్పుడు

సర్టిఫికెట్‌లో బ్యాచ్ నంబరు, సీల్ నంబరు ట్యాంకర్‌తో సరిపోలాయో చూడండి. దించక ముందు పైనుంచి, మధ్యలోంచి, కిందనుంచి శాంపిళ్లు తీయించండి. పీఎంబీ అంటూ వచ్చింది నిజంగా పీఎంబీయేనా అని తేల్చడానికి సైట్ ల్యాబ్‌లో ఎలాస్టిక్ రికవరీ చాలు. డక్టిలిటీ మోల్డ్‌లో (తారుని తీగలా లాగి చూసే అచ్చులో) 15 డిగ్రీల దగ్గర 10 సెంటీమీటర్లు లాగి, మధ్యలో కత్తిరించి, గంట తర్వాత ఎంత వెనక్కి వచ్చిందో కొలుస్తారు. వీజీ-30 తీగ అలాగే పడి ఉంటుంది, మంచి పీఎంబీ చాలావరకు ముడుచుకుపోతుంది. పాలిమర్ విడిపోతోందేమో అన్న అనుమానానికి సెపరేషన్ పరీక్ష ఉంది. గొట్టంలో నిలువుగా 163 డిగ్రీల దగ్గర 48 గంటలు ఉంచి, పై భాగం, కింది భాగం సాఫ్టెనింగ్ పాయింట్ల తేడా 3 డిగ్రీలు దాటకూడదు. ప్రతి ట్యాంకర్ నుంచి ఒక డబ్బా సీల్ వేసి, ఇద్దరి సంతకాలతో మీ దగ్గరే ఉంచుకోండి. వారంటీ గొడవ వస్తే మాట్లాడేది ఆ డబ్బాయే.

ప్లాంట్‌లో బైండర్ ట్యాంక్ టెంపరేచర్ రిజిస్టర్ రోజూ అడిగి చూడండి. పీఎంబీ ట్యాంక్ పేజీలో 190 పైన అంకె కనపడితే ఆ ట్యాంక్ నుంచి మళ్లీ శాంపిల్ తీసి, ఎలాస్టిక్ రికవరీ వచ్చాకే మిక్స్ కొట్టనివ్వండి.